పికిలిపిట్ట – పెద్దపులి ప్రాజెక్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ స్కూళ్లలో సైన్స్ ఎగ్జిబిషన్లు దగ్గరపడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "రెండు జీవులను పోల్చండి" అనే టాపిక్ వస్తే నేను పిల్లలకు పికిలిపిట్టనూ పెద్దపులినీ ఇస్తాను. ఆ వెంటనే ప్రతి ఇంటి నుంచీ దాదాపు అవే సందేహాలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీ పని ఎంతవరకు వచ్చిందో చూసుకుని నేరుగా ఆ భాగానికి వెళ్లిపోవచ్చు.

## జత ఎంచుకునేటప్పుడు

పిట్టకీ పులికీ పోలికేంటి మేడమ్? ఏనుగు, చీమ అంటే అందరికీ అర్థమవుతుంది కదా?

ఏనుగు, చీమ పెడితే చార్టు సైజు దగ్గరే ఆగిపోతుంది. పిట్ట, పులి జతలో చెప్పుకోవడానికి చాలా ఉంది. రెండింటికీ వెన్నెముక ఉంది, రెండూ ఉష్ణరక్త జీవులే, రెండింటి గుండెకూ నాలుగు గదులే. రెండూ "ఇది నా చోటు" అని గొంతుతో చాటుకుంటాయి. అయినా ఒకటి మన డాబా మీద గూడు కడుతుంది, రెండోది మనిషి అలికిడి వింటే పక్కకు తప్పుకుంటుంది. తిండి, ఇల్లు, పిల్లలు, శత్రువులు – ఇవే సమస్యలను రెండు ఒళ్లు ఎలా వేరువేరుగా పరిష్కరించుకున్నాయో చూపించడమే ఈ ప్రాజెక్టు. "ఎవరు బలవంతులు" అన్న పోటీ మాత్రం పెట్టకండి. దాని జవాబు ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు.

పాటపక్షి అంటే కోయిలే కదా? కోయిలను పెట్టుకోవచ్చా?

కోయిల గొంతు అంటే నాకూ ప్రాణమే. కానీ జీవశాస్త్రం లెక్కలో అది పాటపక్షి కాదు, దాని కుటుంబం వేరు. పాటపక్షులంటే స్వరయంత్రానికి సన్నటి కండరాలు చాలా ఉండి, పెద్ద పక్షుల దగ్గర విని పాట నేర్చుకునే గుంపు. ప్రపంచంలోని పక్షి జాతుల్లో దాదాపు సగం ఈ గుంపులోవే. పికిలిపిట్ట, గోరువంక, పిచ్చుక ఇందులోకి వస్తాయి. కాకి కూడా వస్తుంది! ఈ మాట చెబితే తరగతి మొత్తం నవ్వుతుంది, కానీ ఇది నిజం. కోయిల కాకి గూట్లో గుడ్డు పెడుతుందని మనకు తెలుసు. ఆ పిల్ల రోజంతా కాకి అరుపులు వింటూ పెరిగినా, పెద్దయ్యాక "కుహూ" అనే అంటుంది. అంటే కోయిల కూత పుట్టుకతో వచ్చింది, నేర్చుకున్నది కాదు.

పులి బదులు సింహాన్ని తీసుకుంటే?

తీసుకోవచ్చు. కానీ మన దేశంలో అడవి సింహాలు గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే ఉన్నాయి. పెద్దపులి అయితే పల్నాడు పక్కనే నల్లమలలో ఉంది. మన ఊరి పిట్టకు మన అడవి జంతువునే జత చేస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

## చూసేటప్పుడు

మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పికిలిపిట్ట మాకెక్కడ కనిపిస్తుంది?

మీకు తెలియకుండానే రోజూ చూస్తూ ఉండి ఉంటారు. పిచ్చుక కన్నా పెద్దది, గోరువంక కన్నా కాస్త చిన్నది. నల్లటి తల, తల మీద చిన్న కుచ్చు, గోధుమ రంగు ఒళ్లు, తోక చివర తెలుపు. తోక మొదట్లో, కింది వైపు ఎర్రటి మచ్చ ఉంటుంది. అది కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

విజయవాడలో కృష్ణ ఒడ్డున చెట్లున్న చోటల్లా ఉంటుంది. గుంటూరులో పాత పెంకుటిళ్ల పెరళ్లలో, కాలేజీ ఆవరణల్లో, కరివేపాకు చెట్టున్న ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. ఉదయం 6 నుంచి 8 మధ్య డాబా మీద కూర్చోండి. ఎండాకాలమైతే మూకుడులో నీళ్లు పోసి నీడలో పెట్టండి. రెండు కలిసి వస్తాయి. ఒకటి నీళ్లలో దిగి రెక్కలు టపటపలాడిస్తుంటే రెండోది పిట్టగోడ మీద కూర్చుని చుట్టూ చూస్తుంటుంది. తల ఎటు తిప్పింది, కుచ్చు ఎప్పుడు లేపింది, ఏ శబ్దానికి ఎగిరిపోయింది – నోట్‌బుక్‌లో ఇవి రాస్తే చాలు. ఇంటర్నెట్‌లో దించిన పేజీ కన్నా అలాంటి పేజీకే విలువ ఎక్కువ.

పెద్దపులిని చూడాలంటే నల్లమల వెళ్లాల్సిందేనా?

అవసరం లేదు. వెళ్లినా కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగాన్ని అమ్రాబాద్ అభయారణ్యం అంటున్నారు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. జింకలు, నెమళ్లు కనిపించినా ఆ ప్రయాణం వృథా పోదు.

పులి ఒంటిని దగ్గరగా గమనించాలంటే విశాఖలో ఇందిరాగాంధీ జూ, తిరుపతిలో వెంకటేశ్వర జూ, హైదరాబాద్‌లో నెహ్రూ జూ ఉన్నాయి. అక్కడ అద్దాన్ని తట్టడం, అరిచి లేపడం చేయకండి. నిద్రపోతున్న పులి కూడా మీకు పనికొస్తుంది. ఊపిరి ఎలా తీస్తోంది, చెవి ఎటు తిరుగుతోంది అన్నది చూడండి.

మా బాల్కనీ కుండీలో పికిలిపిట్ట గూడు పెట్టింది. రోజూ ఫోటో తీయొచ్చా?

దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా, అప్పుడప్పుడూ తీయండి. కొమ్మలు పక్కకు వంచి తీయకండి. ఆ ఆకుల మరుగే గూటికి రక్ష. ఒక్కసారి దారి తెరిస్తే కాకికీ పిల్లికీ గూడు కనబడిపోతుంది. గూడు చిన్న గిన్నెలా ఉంటుంది. సన్నటి వేళ్లు, పుల్లలు, సాలెగూటి పోగులతో కడుతుంది, ఊళ్లలో అయితే ప్లాస్టిక్ దారం ముక్క కూడా అందులోకి చేరుతుంది. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూడును తీరిగ్గా చూడండి. ఏది ఎక్కడ అల్లిందో లెక్కపెడితే చార్టులో సగం పేజీ నిండుతుంది.

పిట్టను పంజరంలో పెట్టి ఎగ్జిబిషన్‌కు తెస్తే జడ్జీలు ఇంప్రెస్ అవుతారు కదా?

వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పులికి ఎలా వర్తిస్తుందో మన ఊరి అడవి పిట్టలకూ అలాగే వర్తిస్తుంది. పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. సంతలో ఎవరైనా అమ్ముతున్నా కొనకండి. జాలిపడి కొంటే, ఆ డబ్బుతో వాళ్లు మరో నాలుగు పిట్టలను పడతారు.

## ఒళ్లు, తిండి

బరువులో తేడా ఎంత? చార్టులో ఏ అంకె వేయాలి?

పికిలిపిట్ట సుమారు 40 గ్రాములు, అంటే ఒక నిమ్మకాయంత. పొడవు తోకతో కలిపి దాదాపు 20 సెంటీమీటర్లు. మన దేశపు మగ పులి 180 నుంచి 260 కిలోల దాకా, ఆడపులి 100 నుంచి 160 కిలోల దాకా తూగుతాయి. 200 కిలోల పులిని తీసుకుంటే 5,000 పికిలిపిట్టల బరువన్నమాట. ఒకే అంకె వేయకుండా "ఇంత నుంచి ఇంత" అని రాయండి. జీవులు అచ్చులో పోసినట్టు ఉండవు.

రెండింటి ఎముకల్లో పోలిక ఏమైనా ఉందా?

ఉంది, చాలా బాగుంటుంది కూడా. మెడ కింద భుజం దగ్గర తడిమితే మనకు తగిలే ఎముకను జత్రుక అంటారు. పిట్టలో ఎడమ, కుడి జత్రుకలు రెండూ అతుక్కుని ఇంగ్లీషు 'వి' అక్షరంలా మారాయి. ఎగిరేటప్పుడు రెక్క కొట్టినప్పుడల్లా అది స్ప్రింగులా సాగి, మళ్లీ దగ్గరవుతుంది. పులిలో అదే ఎముక చిన్న ముక్కగా మిగిలి, వేరే ఎముకకు అతుక్కోకుండా కండరాల మధ్య ఉండిపోయింది. అందుకే పులి భుజాలు స్వేచ్ఛగా ముందుకూ వెనక్కూ కదులుతాయి, అంగ పొడవవుతుంది.

కాళ్ల బొమ్మ గీసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. పిట్ట మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు. అలా కనిపించేది మోకాలు కాదు, చీలమండ. మోకాలు ఈకల మరుగున ఉంటుంది. పులి వెనక కాలిలోనూ అంతే. రెండూ మనలా పాదం మొత్తం ఆనించవు, వేళ్ల మీదే నడుస్తాయి.

పికిలిపిట్ట మా పొలంలో పండు మిర్చి తినేస్తోంది. దానికి మంట పుట్టదా? మరి పులి తింటే?

గుంటూరు పిల్లలు తప్పకుండా పెట్టాల్సిన ప్రశ్న ఇది. మిర్చిలో కారానికి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నోట్లో వేడిని పసిగట్టే నరాల చివర ఒక ప్రోటీన్ ఉంటుంది. క్యాప్సైసిన్ దానికి తగులుకోగానే "కాలుతోంది" అన్న సంకేతం మెదడుకు వెళ్లిపోతుంది. నిజానికి అక్కడ ఏమీ కాలదు. ఈ ప్రోటీన్ పక్షుల్లోనూ ఉంది, కానీ దాని నిర్మాణంలో చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే యార్డులో ఘాటుకు మనం దగ్గి దగ్గి కళ్లు తుడుచుకుంటుంటే, పిట్ట మాత్రం పండు మిర్చిని హాయిగా పొడుచుకు తింటుంది. పులి మనలాగే పాలిచ్చే జంతువు కాబట్టి దానికి మంట తప్పదు.

మొక్కకు ఇందులో లాభం ఉంది. నమిలి తినే జంతువుల పళ్ల కింద గింజ నలిగిపోతుంది. పిట్టకు పళ్లు లేవు, మింగేస్తుంది, గింజ చెక్కుచెదరకుండా ఎక్కడో రెట్టలో పడి మొలుస్తుంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. పోర్చుగీసు వాళ్ల ద్వారా మన దేశానికి వచ్చింది. మిరపకూ పక్షులకూ ఉన్న ఈ స్నేహం మాత్రం మనం పచ్చడి నూరడం నేర్చుకోవడానికి ఎంతో ముందునుంచీ ఉంది.

పులికి తీపి తెలియదంటారు, నిజమేనా?

నిజమే. తీపిని గుర్తించడానికి రెండు జన్యువులు కలిసి పనిచేయాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి పాడైపోయింది. ఇంటి పిల్లి, పెద్దపులి రెండింటిలోనూ అలాగే ఉందని 2005లో తేలింది. మాంసమే తిని బతికే జంతువుకు తీపి తెలియకపోయినా నష్టం లేదు.

పాటపక్షుల కథ ఇంకా విచిత్రం. పక్షుల పూర్వీకులు తీపిని పసిగట్టే జన్యువును ఎప్పుడో పోగొట్టుకున్నాయి. తర్వాత పాటపక్షుల్లో, మాంసపు రుచిని గుర్తించే గ్రాహకమే మారిపోయి చక్కెరను కూడా పసిగట్టడం మొదలుపెట్టింది. ఇది 2021లో వెలువడిన పరిశోధన. నేరేడు పండు, బొప్పాయి, జామ మీద పికిలిపిట్టకు అంత మోజు ఎందుకో దీనితో అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా చార్టులో పెట్టండి. పులి తనకు కావలసిన విటమిన్ సిని తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. పికిలిపిట్ట ఒంట్లో అది తయారు కాదు, మనలాగే తిండి నుంచే రావాలి. ఈ విషయంలో మనం పులి కన్నా పికిలిపిట్టకే దగ్గర.

రోజుకు ఏది ఎక్కువ తింటుంది?

మొత్తం తీసుకుంటే పులి. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పిట్ట. చిన్న ఒంట్లో వేడి త్వరగా బయటికి పోతుంది, పైగా పక్షుల ఒంటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల పైన ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఏదో ఒకటి తింటూనే ఉండాలి. పులి వేట దొరికిన రాత్రి 30 కిలోల మాంసం కూడా తినగలదు, ఆ తర్వాత కొన్ని రోజులు ఖాళీ కడుపుతో గడపగలదు. పులి వేటల్లో ఎక్కువ భాగం విఫలమవుతాయి. దూకిన ప్రతిసారీ జింక దొరుకుతుందనుకోవడం సినిమాల ప్రభావం.

పులి అంత మెరిసే నారింజ రంగులో ఉంటే జింకకు కనిపించదా?

మనకు మెరుస్తుంది, జింకకు కాదు. జింక కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే కాబట్టి నారింజ రంగు దానికి ఆకుపచ్చలా కనిపిస్తుంది. నిలువు చారలు గడ్డి నీడల్లో కలిసిపోతాయి. పిట్ట కంట్లో మాత్రం నాలుగు రకాల రంగు కణాలు ఉంటాయి. చెట్టు మీది పిట్టకు పులి స్పష్టంగా కనిపిస్తుంది.

## గొంతు

పికిలిపిట్ట అంత చిన్న గొంతుతో అంత గట్టిగా ఎలా పాడుతుంది?

శబ్దం పుట్టేది మనం అనుకునే చోట కాదు. మనకూ పులికీ స్వరపేటిక గొంతు పైభాగంలో ఉంటుంది. పిట్టకు శబ్దం పుట్టేది ఛాతీ లోపల, శ్వాసనాళం రెండుగా చీలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే చోట. దాన్ని సిరింక్స్ అంటారు. రెండు పాయల్లోనూ సన్నటి పొరలు కంపిస్తాయి, పాటపక్షులు ఆ రెండింటినీ విడివిడిగా నడపగలవు. అంటే ఒకే గొంతులో, ఒకే క్షణంలో రెండు స్వరాలు పలికించగలవు. మన సంగీత విద్వాంసులు ఎంత సాధన చేసినా చేరలేని చోటు అది.

డాబా మీద పాడుతున్న పిట్టను దగ్గరగా చూడండి. ముక్కు కొద్దిగానే తెరుచుకుంటుంది, గొంతు దగ్గర ఈకలు చకచకా అదురుతుంటాయి, ప్రతి ముక్కకూ తోక చిన్నగా కదులుతుంది. ఫోన్‌లో నెమ్మది వేగంతో వీడియో తీస్తే ఇదంతా తెలుస్తుంది.

పులి గర్జన కిలోమీటర్ల దూరం ఎలా వినిపిస్తుంది?

అడవిలో 3 కిలోమీటర్ల దాకా వినిపించగలదు. దానికి పెద్ద ఛాతీ ఒక్కటే కారణం కాదు. పులి, సింహాల స్వరతంత్రులు మనవాటిలా మూడు కోణాల ఆకారంలో ఉండవు, లోపల కొవ్వు చేరి చదునుగా, చతురస్రంగా ఉంటాయి. అందువల్ల తక్కువ గాలి ఒత్తిడికే గట్టిగా కంపిస్తాయి. ఈ సంగతి 2011లో వెలువడింది. రెండోది, గర్జనలో ఎక్కువగా మంద్ర స్వరాలే ఉంటాయి. అవి చెట్ల మధ్య నుంచి చాలా దూరం పోతాయి. పిట్ట పాటలోని సన్నటి స్వరాలు ఆకులకు తగిలి త్వరగా చెదిరిపోతాయి. పిట్టకు దానితో ఇబ్బంది లేదు. పక్క వీధి పిట్టకు వినిపిస్తే చాలు. పులి హద్దు మాత్రం పదుల చదరపు కిలోమీటర్లు ఉంటుంది.

పులిపిల్లకు గర్జించడం తల్లి నేర్పుతుందా?

నేర్పనక్కర్లేదు, గర్జన పుట్టుకతో వచ్చేదే. తల్లి నేర్పేది వేట. పాటపక్షుల్లో మాత్రం పాటకు చదువు కావాలి. పిల్లగా ఉన్నప్పుడు వింటుంది, ఆ తర్వాత పసిపిల్లల ముద్దుమాటల్లా తెగిపోయే ముక్కలతో సాధన మొదలుపెడుతుంది, చివరికి పాట కుదురుకుంటుంది. వినికిడి లేకుండా పెరిగితే ఆ పాట సరిగ్గా రాదు. మాట విని నేర్చుకునే శక్తి జంతు ప్రపంచంలో చాలా కొద్ది గుంపులకే ఉంది. మనుషులు, పాటపక్షులు, చిలుకలు, తిమింగలాలు అందులో ఉన్నాయి. కోతులకు కూడా ఇది అంతగా లేదు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో గొప్ప వాక్యం ఇదే, చార్టు మధ్యలో పెద్ద అక్షరాలతో రాయండి.

పులి మన పిల్లిలా గురగురమంటుందా?

పిల్లిలా ఆగకుండా గురగురమనదు. ప్రేమగా పలకరించేటప్పుడు ముక్కుతో "ఫుర్ర్ ఫుర్ర్" అని గాలి వదులుతుంది. తల్లీపిల్లల మధ్య ఇది ఎక్కువగా వినిపిస్తుంది.

## పిల్లలు, పెంపకం

ఏది త్వరగా పెద్దదవుతుంది?

పికిలిపిట్ట. మామూలుగా రెండు మూడు గుడ్లు పెడుతుంది, సుమారు రెండు వారాలు పొదుగుతుంది, పిల్లలు మరో రెండు వారాల్లోపే గూడు వదిలేస్తాయి. తల్లీతండ్రీ రెండూ మేపుతాయి. తాము పండ్లు తిన్నా పిల్లలకు పురుగులు తెచ్చి పెడతాయి, ఎదగడానికి మాంసకృత్తులు కావాలి కదా. ఆడపులి మూడున్నర నెలలు మోస్తుంది, రెండు నుంచి నాలుగు పిల్లల్ని కంటుంది. అవి కళ్లు తెరవని స్థితిలో పుడతాయి, దాదాపు రెండేళ్లు తల్లి వెంటే ఉంటాయి. తండ్రి మేపడు. పోషణ భారమంతా తల్లిదే.

పిట్టపిల్ల గూటి నుంచి కింద పడింది. ఏం చేయాలి?

ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లీ కుక్కా రాకుండా పక్కనున్న పొదలో పెట్టి దూరంగా జరగండి. ఈకలు రాని పసిది అయితే మెల్లగా గూట్లో పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాటలో నిజం లేదు.

## చార్టు వేసేటప్పుడు, చెప్పేటప్పుడు

పులి అంతరించే ప్రమాదంలో ఉంది. పికిలిపిట్ట కూడానా?

కాదు, ఇక్కడ కథ తిరగబడుతుంది. పులి వేల ఏళ్లుగా అడవికి రాజు, అయినా దాన్ని కాపాడటానికి 1973లో దేశం ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టాల్సి వచ్చింది. 2022 లెక్కింపులో దేశంలో పులుల అంచనా 3,682. పికిలిపిట్ట మాత్రం ఊళ్లలో, పొలాల్లో హాయిగా పెరుగుతోంది. మనుషులు తీసుకెళ్లిన ఫిజీ, హవాయి దీవుల్లో తోటలను పాడుచేసే పక్షిగా మారింది. ప్రపంచంలో అతిగా నష్టం చేసే 100 చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది. తప్పు పిట్టది కాదు, దాన్ని అక్కడికి మోసుకెళ్లిన మనుషులది. మన దగ్గర అది పురుగుల్ని తిని, గింజల్ని చల్లి పెట్టే మంచి నేస్తం.

పెద్ద ఒళ్లు, పెద్ద హద్దు, తక్కువ పిల్లలు ఉన్న జంతువు చోటు తగ్గిపోతే త్వరగా దెబ్బతింటుంది. దొరికినదల్లా తిని ఎక్కడైనా గూడు కట్టే చిన్న జీవి నిలదొక్కుకుంటుంది. జడ్జి "దీని నుంచి ఏం తెలుసుకున్నావు బాబూ?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇది.

స్టాల్ దగ్గర పులి గర్జన, పిట్ట పాట స్పీకర్‌లో పెట్టొచ్చా?

హాల్లో పెట్టుకోండి, చాలా బాగుంటుంది. చెట్ల దగ్గర, ముఖ్యంగా గూడున్న చోట పిట్ట పాట పెట్టకండి. మరో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని గూడు వదిలి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ కాసేపట్లో కాకి గుడ్లు ఎత్తుకుపోతుంది.

థర్మాకోల్ మోడల్‌కు రంగులు వేస్తున్నాం. ఏం తప్పులు రాకుండా చూసుకోవాలి?

పిట్టకు ఎరుపు తోక కిందే వేయండి. బుగ్గ మీద వేస్తే అది వేరే పికిలి జాతి అయిపోతుంది. నడుం మీద, తోక పైన మొదట్లో తెలుపు పెట్టండి, చాలామంది ఇది మరిచిపోతారు. వీపు ఈకలకు లేత అంచు గీస్తే పొలుసుల్లా కనిపించి సరిగ్గా వస్తుంది. వేళ్లు ముందుకు మూడు, వెనక్కి ఒకటి.

పులి కంటిపాప గుండ్రంగా ఉండాలి. ఇంటి పిల్లికి ఉన్నట్టు నిలువు గీత గీయకండి. చెవుల వెనక నల్లటి చోట తెల్లటి మచ్చ పెట్టండి. ఎడమ వైపు చారలూ కుడి వైపు చారలూ ఒకేలా రాకూడదు. ఏ పులి చారలూ మరో పులికి ఉండవు, అటవీశాఖ వాళ్లు కెమెరా ఫోటోల్లో పులుల్ని గుర్తుపట్టేది వాటితోనే. అడుగు జాడ కూడా వేస్తే నాలుగు వేళ్లు, ఒక పెద్ద మెత్త వేయండి. గోళ్ల గుర్తులు వద్దు, నడిచేటప్పుడు పులి వాటిని లోపలికి ముడుచుకుంటుంది.